స్టార్టింగ్ లైన్ దాకా పోయేదెట్లా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు పరుగంటే భయం లేదు, ప్రయాణమంటేనే భయం. పినపాకలో టీచరుగా పనిచేస్తూ, పొద్దున్నే బొగ్గు లారీలకు దారి ఇస్తూ మణుగూరు రోడ్డు మీద పరుగెత్తేదాన్ని. (బడిపిల్లలు నాకు 'ఉరుకుడు టీచర్' అని పేరు పెట్టారు. నా ఎదురుగా అనేవాళ్లు కాదు, అదొక్కటే మర్యాద.) ఆ ధైర్యంతోనే హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చేశాను. ఇచ్చాక వచ్చిన మెసేజ్ చదివితే చెమటలు పట్టాయి. ఛాతీ మీద పెట్టుకునే నంబరును ముందురోజే స్వయంగా వచ్చి తీసుకోవాలట. పరుగు చీకటితోనే మొదలవుతుందట. ఆలస్యంగా వచ్చినవాళ్లను పరుగెత్తనివ్వరట. నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తగలనన్న నమ్మకం నాకుంది. ఆ మొదటి గీత దగ్గరికి చేరగలనా అన్నదే అనుమానం.

అసలే వానాకాలం. వాగు పొంగితే మా బస్సు కదలదు. హైదరాబాద్‌లో మా చిన్నమ్మ ఇల్లు ఒక కొసన, పరుగు మొదలయ్యే చెరువు ఇంకో కొసన. అంత పొద్దున్నే మెట్రో ఉండదు. క్యాబ్ చెప్పుకుంటే వాడు ఆఖరి నిమిషంలో రానంటే? నా కలల్లోకి పరుగు ఎప్పుడూ రాలేదు గానీ, రాని క్యాబ్ కోసం చెప్పుల్లేకుండా నిలబడ్డట్టు చాలాసార్లు వచ్చింది.

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉండే నాయినకు ఈ సంగతి ఫోన్లో చెప్పాను. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. సైరన్ మోగేసరికి అక్కడ లేకపోతే హాజరు పడదన్న భయం ఆయనకు ఇంకా పోలేదు. పెళ్లిళ్లకు కూడా పందిరి వేసేవాళ్లకంటే ముందే చేరుకుంటాడు. "నువ్వు ఉరుకుడు సంగతి చూస్కో బిడ్డా, తొవ్వ సంగతి నేను చూస్త" అన్నాడు. దాంతో నా ఆందోళన తగ్గాలి, రెట్టింపైంది. నాకు తోచని ప్రమాదాలు కూడా ఆయనకు తోచేవి మరి. రైలు ఆలస్యమైతే ఎట్లా అని బస్సుకు, బస్సు టైరు పేలితే ఎట్లా అని రైలుకు, రెండింటికీ టికెట్లు తీసుకున్నాడు. వాగు పొంగకముందే నన్ను ఖమ్మం రప్పించాడు. (ఆ వారమంతా చినుకు పడలేదు.) అమ్మ పులిహోర కట్టింది, దారిలో ఎక్కడైనా చిక్కుకుపోతే ఉంటుందని.

రైలు మా ఇద్దరినీ సమయానికే చేర్చింది. నంబరు తీసుకున్నాక నాయిన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పొద్దున నా ఛాతీకి పెట్టేదాకా మాటిమాటికీ తడిమి చూసుకున్నాడు. సాయంత్రం చిన్నమ్మ వాళ్ల వీధిలో ఒక ఆటో అతన్ని మాట్లాడి, నన్ను ఎక్కించుకుని చెరువు దాకా వెళ్లి వచ్చాడు. రేపు పొద్దున అచ్చం ఇదే దారిలో రావాలని అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆటో రాకపోతే చిన్నాయిన స్కూటరు, అది కదలకపోతే పక్కింటాయన కారు. (పక్కింటాయనకు ఈ ఏర్పాటు సంగతి తర్వాత తెలిసింది.)

ఆటో చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. ఖాళీ రోడ్ల మీద హాయిగా పోతుంటే నాకు మొదటిసారి ఊపిరాడింది. అంతలో ఎదురుగా బారికేడ్లు. కానిస్టేబుల్ చేయి అడ్డం పెట్టి, ఇయ్యాల మారథాన్ ఉంది, ఏ బండీ పోదన్నాడు. నాయిన ఆటో దిగి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"గా మారథాన్ల ఉరికేది మా బిడ్డనే సారూ."

కానిస్టేబుల్ నన్నూ నా బూట్లనూ ఒకసారి చూశాడు.

"గట్లయితే ఈడికెల్లే ఉరకమనుండ్రి."

వాగూ టైరూ అన్నీ ఆలోచించినవాళ్లం, మారథాన్ రోజున రోడ్లు మారథాన్‌కే ఇస్తారన్న సంగతి మాత్రం ఆలోచించలేదు. ఇక పరుగే. ఇస్త్రీ ప్యాంటు, తోలు చెప్పులు, భుజాన పులిహోర సంచీతో నాయిన నా పక్కనే పరుగెత్తాడు. దమ్ము దాచుకోమని నాకు చెబుతూ తను మాత్రం నాకంటే ముందుండేవాడు. మేము చేరేసరికి జనం ఇంకా గీత దాటుతూనే ఉన్నారు. నేనూ తోసుకుని కలిసిపోయాను.

కొంత దూరం పోయాక గుర్తొచ్చింది. నా ఫోను నాయిన సంచీలో ఉంది. పరుగు ముగిసేది ఇక్కడ కాదు, సిటీకి ఆ చివరన స్టేడియంలో. ఎక్కడ కలుసుకోవాలో మేమిద్దరం అనుకోనేలేదు. మిగిలిన దారంతా నా కాళ్లు ఏమయ్యాయో నాకు తెలియదు. మనసులో బస్టాండుల్లోనూ పోలీస్ స్టేషన్లలోనూ నాయినను వెతుకుతూనే పరుగెత్తాను.

స్టేడియంలో, అలసినవాళ్ల కోసం వేసిన టెంటులో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో ఉప్పునీళ్ల గ్లాసు, మోకాలికి ఐసు సంచీ. నేను ఏమీ అడగకముందే గొంతు తగ్గించి చెప్పాడు.

"దమ్మొచ్చి ఆడనే కూసుంటే, కాలు పట్టేసిందా అంకుల్, ఉరకలేకపోయిన్రా అని వాలంటీర్లు అడిగిన్రు. అవ్ అనేసిన. బస్సెక్కించి ఈడికి తెచ్చిన్రు."

ఇప్పుడు ఏ నగరంలో పరుగున్నా, మొదటి గీతకు నడిచిపోయే దూరంలోనే గది తీసుకుంటాను. ఏ పొరపాటూ జరగదు. చెప్పుకోవడానికి ఏమీ మిగలదు కూడా. అప్పుడప్పుడు ఆ ఉరుకుడు టీచరు గుర్తొస్తుంది. తన కోసం మహానగరం రోడ్లన్నీ ఖాళీ చేసి పెట్టిన ఆ పొద్దున, పక్కన కన్నతండ్రి పరుగెత్తుతుంటే, ఆలస్యమైపోతోందని వణికిపోతూ పోయిన ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను. అంత మంచి పొద్దు మళ్లీ రాదని పాపం దానికేం తెలుసు.