ఎలుగుబంటి మీద పరిగె హక్కు

మా చిన్నప్పుడు... ఎలుగుబంటిని చంపాలంటే వరసలో నిలబడాల్సి వచ్చేది.

అడవిలో కాదండీ... గుణదల కొండ దిగువ సందులో, ప్రసాద్ గారి నెట్ సెంటర్లో. మేము ఇంటర్ చదువుతున్న రోజులు. అక్కడి కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి కలిపి ఉండేవి కనుక అందరం ఒకే ఆటలో, ఒకే అడవిలో తిరిగేవాళ్ళం. ఆ అడవికి ఎలుగుబంటి ఒక్కటే. చంపితే కాసేపటికి అక్కడే లేచేది... మళ్ళీ చంపేవాళ్ళం. చచ్చినప్పుడల్లా ఏదో ఒకటి రాల్చేది. తోలు, గోళ్ళు, తేనెపట్టు... ఎప్పుడో ఒకసారి పడవ చీటీ. ఆ చీటీ ఉన్నవారికే ఏరు దాటి అసలు నగరంలోకి ప్రవేశం. లేనివారు మొదటి పల్లెలోనే కోళ్ళను తరుముకుంటూ కాలక్షేపం చేయవలసిందే.

మేమంతా ఎప్పుడో దాటేశాం. అయినా ఎలుగును వదల్లేదు. నగరంలో చీటీ ఇచ్చి మంచి కత్తి మార్చుకోవచ్చు మరి...

ఇందులో ధర్మాధర్మ విచారణ జరగలేదని ఎవరూ అనుకోవద్దు. జరిగింది. మా శ్రీనుది ఉయ్యూరు దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. వాడే ఒక నిబంధన ప్రతిపాదించాడు.

"కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఆసామి ఏరుకోకూడదురా. అవి పరిగె ఏరుకునేవాళ్ళవి. ఇక్కడా అంతే... మనం కొట్టుకున్నాక ఒక ఎలుగుని కొత్తవాళ్ళకి వదలాలి."

సదరు ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. కొంతకాలం అమలైంది కూడా.

దానివల్ల లబ్ధి పొందవలసిన ప్రధాన వ్యక్తి బాజీ మాస్టారు. పక్కవీధి టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్... మా నాన్నల వయసు. శుక్రవారం నమాజు కాగానే, భోజనం వేళలో కాస్త మిగుల్చుకుని వచ్చేవారు. మెడలో టేపు అలాగే వేలాడుతుండేది. ఆయన కోరిక ఒక్కటే... ఏరు దాటి ఆ నగరం చూడాలి.

"ఏముంది మాస్టారూ అక్కడ? మేడలే కదా," అన్నాను ఒకసారి.

"మీరు చూశారు, సరే. మీరు అన్నం తింటే నా కడుపు నిండుద్దా అండీ?"

పాపం, ఆయనకి వదిలిన ఎలుగులన్నీ తోలే రాల్చేవి. "టైలర్నని ఎవరో చెప్పినట్టున్నారు బాబూ దీనికి... కోటు కుట్టుకోమంటోంది!" అని నవ్వేవారు. మళ్ళీ శుక్రవారానికి వచ్చేవారు.

ఆ ఏడాది కోతల ముందు శ్రీను ఒక సాంకేతిక సంస్కరణ ప్రవేశపెట్టాడు. కిరాణా కొట్లోంచి చిన్న తూకపురాయి తెచ్చి స్పేస్‌బార్ మీద పెట్టాడు. అంతే. వాడి వీరుడు ఆగకుండా కత్తి ఝళిపిస్తూనే ఉన్నాడు. రాలినవన్నీ వాటంతటవే వాడి సంచిలో పడుతున్నాయి. ప్రసాద్ గారికి నెల డబ్బు ముందే కట్టేసి, శ్రీను లేచి టీకి వెళ్ళాడు... ఆ తర్వాత కాలేజీకి వెళ్ళాడు... ఆ తర్వాత వాళ్ళ ఊరికే వెళ్ళాడు.

కుర్చీ ఖాళీ. పని మాత్రం నిరాటంకంగా జరుగుతోంది.

ఎలుగుబంటి లేచేది... పడేది. వీరుడి బలం పెరిగేకొద్దీ దానికి పూర్తిగా లేచే వ్యవధి కూడా లేకపోయింది. మొదట్లో మూలుగు మొత్తం వినిపించేది. తరువాత సగం. ఆపైన, మూలుగు మొదలవబోతున్న చప్పుడు మాత్రమే... ప్రసాద్ గారు స్పీకర్లు కట్టేశారు. చప్పుడు లేకుండా చూడటం ఇంకా ఇబ్బందిగా ఉందని, తెరను గోడవైపు తిప్పేశారు.

శుక్రవారం బాజీ మాస్టారు వచ్చి ఆటలోని తన మనిషిని ఎలుగు గుహ ముందు నిలబెట్టారు. ఆయన కత్తి ఎత్తేలోపే ఎలుగు నేల మీద ఉండేది.

"పాపం, దీనికి చచ్చే తీరిక కూడా లేనట్టుందే!" అన్నారాయన.

"ఆ రాయి తీసెయ్యండి మాస్టారూ. నేను చూడలేదనుకుంటాను," అన్నారు ప్రసాద్ గారు.

"వద్దులెండి. మన రాయి కాదు."

పై శుక్రవారమూ వచ్చారు. గుహ ముందు నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే శ్రీను ఊరినుంచి దిగాడు, మహా ఉత్సాహంగా. వాళ్ళ చేలో మొదటిసారి వరికోత మిషన్ నడిచిందట. "ఒక్క పూటలో మొత్తం అయిపోయిందిరా! పరిగెకని వచ్చినవాళ్ళు బుట్టలు పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయారు... ఏరుకోవడానికి వెన్ను ఉంటేగా! కాసేపు చూసి వెళ్ళిపోయారు." నవ్వుతూనే తన తెరను ఇటు తిప్పుకున్నాడు.

గుహ ముందు మాస్టారి మనిషి నిలబడి ఉన్నాడు. కత్తి దించేసి... ఊరికే చూస్తూ.

శ్రీను నవ్వు ఆగిపోయింది. రాయి తీశాడు. సంచిలోంచి ఒక పడవ చీటీ తీసి ఆ మనిషి కాళ్ళ దగ్గర వేశాడు.

"తీసుకోండి మాస్టారూ. నా దగ్గర బోలెడున్నాయి."

ఒక్క మీట నొక్కితే చాలు... ఏరు దాటిపోవచ్చు. మాస్టారి వేలు మీట దాకా వెళ్ళింది కూడా. అక్కడే ఆగింది.

"మా అమ్మ మీ ఉయ్యూరు వైపు చేలల్లోనే పరిగె ఏరేది బాబూ. పొద్దుగూకేసరికి ఒళ్ళో ఎన్ని వెన్నులుంటే అన్నీ ఆవిడవే. ఫలానావాళ్ళు పెట్టారని చెప్పుకోవాల్సిన పని లేదు. ఇది మీరు పెడుతున్నారు."

"ఎలా వస్తే ఏంటి మాస్టారూ? చీటీ చీటీయే కదా!"

"చీటీకి తేడా ఏం లేదులెండి," అంటూ లేచారు. "షాపులో జాకెట్లు అలాగే ఉండిపోయాయి."

ఆ ఆటలో నేల మీద వదిలేసిన వస్తువు కాసేపు ఉండి, మిణుకుమిణుకుమంటూ మాయమవుతుంది. మేము చూస్తుండగానే చీటీ మాయమైంది. గుహలో ఎలుగుబంటి లేచింది... చాలా రోజుల తర్వాత పూర్తిగా లేచి నిలబడింది. ఎవరూ కొట్టలేదు. అది కదలకుండా మా వైపే చూస్తూ ఉంది. ప్రసాద్ గారు మెయిన్ ఆపేసేదాకా అలాగే చూసింది.

మాస్టారు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి నెట్ సెంటరూ మూతపడింది.

ఇప్పుడు ఫోన్లలో 'ఆటో' అనే సదుపాయాన్ని ఆట తయారుచేసినవారే అధికారికంగా కల్పించారు. మా ఇంట్లో అన్నాల వేళ, స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోను తనంతట తానే వేటాడుతూ ఉంటుంది... మేము పప్పు కలుపుకుంటూ ఉంటాం. అందరం క్షేమం. ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు.

మీరు ఆడిన ఆటల్లో కూడా అవతలి ఒడ్డు చూడకుండానే లేచి వెళ్ళిపోయినవారు ఎవరైనా ఉంటే, వారి గురించి కింద రాయండి... ఆ రోజుల్లో కనీసం ఎవరు నిలబడి ఉన్నారో తెర మీద కనిపించేది. ఇప్పుడు తెర వైపు చూసేవారే లేరు.