వెనక వరస పిల్ల

నిరోష పరుగుపందెంలో ఎప్పుడూ వెనక వరసలోనే నిలబడేది. సిగ్గు అనుకునేవాళ్ళు కొందరు, పొగరు అనుకునేవాళ్ళు కొందరు. రెండూ కాదు, అలవాటు.

ఆ అలవాటు చేసింది బడిలో డ్రిల్లు సారు. పన్నెండేళ్ళప్పుడు నిరోష ఎంత పొట్టిదంటే, తోటిపిల్లల మోచేతులు వచ్చి ఆమె ముక్కుకు తగిలేవి. "తొక్కుతరు బిడ్డా, ఎనక నిలబడు" అని సారు చెయ్యి పట్టి చివరికి జరిపేవాడు. పాపం, అదీ ప్రేమే. క్రీడా పాఠశాలకు పిల్లల్ని ఏరుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆపాటి ప్రేమ కూడా లేదు. ఎత్తు కొలిచారు, తూకం చూశారు, ఉరికించకముందే "వచ్చే యేడు చూద్దాం" అన్నారు. మరుసటి యేడూ అదే మాట. ఆ పై యేడు వయసు దాటిపోయిందన్నారు. పిల్లలందరూ ఒకే యేడు ఎదిగి తీరాలని ఎక్కడ రాసుందో వాళ్ళకే తెలియాలి.

అదే ఎంపికలో దీప్తి నెగ్గింది. గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ ఒక టీచరుగారి అమ్మాయి. పన్నెండేళ్ళకే తల్లి భుజం దాటింది. ఆమెకు బూట్లు, పాలు, గుడ్లు, కోచ్, అన్నీ అమరాయి. నిరోషకు అమరింది ఉప్పలమ్మ ఒక్కతే.

ఉప్పలమ్మ నిరోష తల్లి. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంటమనిషి. తెల్లారకముందే పనిలో ఉండాలి. రైలుపట్టాల పక్కనున్న ఒంటిగదిలో ఆడపిల్లను ఒక్కదాన్ని వదల్లేక వెంట తీసుకుపోయేది. తల్లి బియ్యం కడుగుతుంటే కూతురు క్యాంపస్ రోడ్ల మీద ఉరికేది. చూసేవాళ్ళూ లేరు, వద్దనేవాళ్ళూ లేరు. వాకింగుకు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోవడం ఆమెకు ఆట. ముందున్న మనిషి వీపు చూసి, ఆ మనిషి ఎక్కడ అలిసిపోతాడో పసిగట్టేది. ముందు వరసలో నిలబడేవాళ్ళకు ఈ విద్య ఎలా వస్తుంది?

పదిహేడో యేట ఒళ్ళు ఒక్కసారిగా ఎదిగింది. "మొన్ననే గదనే మడత ఇప్పి కుట్టిన, మళ్ళ పొట్టిగయినయా?" అని ఉప్పలమ్మ సల్వార్లు చూసి తల పట్టుకునేది. డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారు జ్ఞానప్రకాశం. కోస్తా మాట, ఆదివారం చర్చి, నోట్లో ఎప్పుడూ విజిల్. నిరోష ఉరకడం మొదటిసారి చూసినప్పుడు ఆయన నోట్లోంచి ఆ విజిల్ జారిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు?"

"గీడనే ఉన్న సార్."

ఆయన ఆమెకు నేర్పనిది లేదు. మాన్పించలేకపోయింది ఒక్కటే. "ఆ వెనక నిలబడే అలవాటు మానుకో తల్లీ. గట్టి పందెంలో దాటడానికి చోటు దొరకదు" అని మొత్తుకునేవారు. ఆమె సరేననేది. విజిల్ వేసే వేళకు మళ్ళీ చివరనే ఉండేది.

అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, పాఠాలు లేవు, క్యాంపస్ అంతా నినాదాలే. అయినా యూనివర్సిటీ పరుగు జట్టుకు పేర్లు పంపే గడువు సమ్మె కోసం ఆగదు కదా. జట్టులో ఒకే ఒక్క ఖాళీ. అది దొరికితే ఆటల కోటాలో, ఆటల టీచర్లు చదివే బి.పి.ఎడ్. సీటుకు దారి పడుతుంది. దొరక్కపోతే డిగ్రీ అయిపోగానే మెస్సులో తల్లి పక్కన గంటె పట్టుకోవడమే. ఆ మాట ఎత్తితే ఉప్పలమ్మకు ఒళ్ళు మండేది. "నా చేతులు కాలింది చాలదా?" అనేది.

ఆ ఒక్క ఖాళీకీ పందెం పెట్టారు, అందులో దీప్తీ ఉంది. గ్రౌండు నుంచి తార్నాక వైపు గేటు దాకా, మళ్ళీ వెనక్కి. గేటు దగ్గర జ్ఞానప్రకాశం గారు నిలబడ్డారు.

ఆ రోజే తార్నాక చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తినే నిరసన. చౌరస్తాలో పోలీసులు ఒప్పుకోకపోయేసరికి ఆడవాళ్ళు పొయ్యిలు ఎత్తుకొచ్చి గేటు లోపల పెట్టారు. అన్నం ఉడుకుతున్న పెద్ద డేగిశ దగ్గర ఇంకెవరు, మన ఉప్పలమ్మే.

అందరికన్నా ముందు వస్తున్న దీప్తి ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వరసలు వరసలుగా జనం, ముందు విస్తళ్ళు. అన్నం తింటున్న మనిషిని దాటిపోకూడదని ఏ తల్లీ బిడ్డకు విడిగా నేర్పక్కర్లేదు. వెనకొచ్చినవాళ్ళూ ఆమె మీద పడబోయి ఆగారు. చివరనున్న నిరోష దూరం నుంచే చూసి, పొయ్యిల పక్కనున్న సందులోకి తిరిగింది.

"ఏయ్, ఎవరే పోరీ, డేగిశ కాలుతది!" అని కేక వేసిన ఉప్పలమ్మ మరుక్షణం గొంతు మార్చింది. "నా బిడ్డె! జరుగుండ్రి, జరుగుండ్రి!"

ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. నిరోష గేటు స్తంభం తాకి, అదే దారిన తిరిగొచ్చింది. వింత చూడ్డానికి ఆడవాళ్ళు లేచి నిలబడేసరికి ఆ సందు మూసుకుపోయింది.

"సార్, వాళ్ళమ్మ దారిచ్చింది! ఇదేం పందెం సార్?" దీప్తి ఏడుపు గొంతుతో అడిగింది.

జ్ఞానప్రకాశం గారికి చెమట పట్టింది. పందెం చెల్లుతుందంటే దీప్తికి అన్యాయం. చెల్లదంటే, ఆంధ్రా సారు తెలంగాణ పిల్ల నోరు కొట్టాడని ఇక్కడే గొడవ. విజిల్ నోట్లో ఉంది, ఊదడం లేదు.

దీప్తి మాట నిరోష చెవిన పడింది. ముందు గ్రౌండు దాకా ఖాళీ రోడ్డు. ఆపేవాళ్ళు లేరు, సీటు చేతిలో పడ్డట్టే. కానీ ఒక్కరినీ దాటలేదే! ఇన్నేళ్ళు ఉరికింది ఇందుకా? వెనక్కి నడిచొచ్చింది.

"దీప్తి చెప్పింది నిజమే సార్. మళ్ళ పెట్టుండ్రి. గీడికెల్లి గ్రౌండు దాకా."

"నీకేమన్న పిచ్చి లేసిందానే!" ఉప్పలమ్మ గంటె విసిరికొట్టినంత పని చేసింది. కానీ తింటున్నవాళ్ళ బంతి లేవనిదే పందెం లేదు. సారు ఒక పక్కన నిలబడి ఉంటే ఆమే విస్తరి తెచ్చి వేసింది. "మీరు గూడ కూసోండ్రి సార్. నిలబడి చూస్తే తినేటోల్లకు దిష్టి తగుల్తది." పొద్దున్నుంచి గొంతు చించుకుని నినాదాలిచ్చిన విద్యార్థి నాయకుడు పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు.

బంతి లేచాక పొయ్యిలోని బూడిదతో రోడ్డు మీద గీత గీశారు. నిరోష ఎప్పటిలాగే వెళ్ళి చివర నిలబడింది. ఉప్పలమ్మ వచ్చి జబ్బ పట్టుకుంది.

"అన్నం కాడ నిన్నెన్నడన్న ఆఖర్ల కూసోబెట్టిన్నానే? మరి గీడెందుకు నిలబడ్తున్నవ్?"

నిరోష వెళ్ళి గీత మీద, దీప్తి పక్కన నిలబడింది.

ఎదురుగా ఎవరి వీపూ లేని రోడ్డు ఆమెకు కొత్త. భయపడింది, తడబడింది. సగం దారిలో దీప్తి దాటి పోయింది. చిత్రంగా అప్పుడే నిరోషకు ఊపిరి ఆడింది. చూసుకోవడానికి ఒక వీపు దొరికింది మరి. గ్రౌండు మలుపు దగ్గర ఆ వీపు ఎడమ వైపుకు కొంచెం వాలింది. ఆమె ఎదురుచూసింది దాని కోసమే. ఈసారి ఎవరూ కొంగు జరపలేదు. తనే దాటింది.

ఇప్పుడు నిరోష మెట్టుగూడలో ఒక బడిలో ఆటల టీచరు. ఎంపికలు ఇప్పటికీ జరుగుతాయి, పొడుగు పిల్లలు ఇప్పటికీ నెగ్గుతారు. మిగిలినవాళ్ళకు ఆమె కూడా "వచ్చే యేడు చూద్దాం" అనే చెబుతుంది. కాకపోతే, వచ్చే యేడు వాళ్ళు రాకపోతే తనే వాళ్ళ ఇళ్ళకు పోయి తలుపు కొడుతుంది.

మొన్న ఒక బక్కపిల్ల పందెంలో వెనక్కి జారుకుంటూ కనబడింది.

"ఎందుకే?"

"తొక్కుతరు మేడం."

"ఇంట్ల అన్నం కాడ మీ అమ్మ నిన్ను ఆఖర్ల కూసోబెడ్తదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి దా" అని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది నిరోష.