కట్ట మీద ఫుల్ సిగ్నల్

నిజామాబాద్ బస్టాండు ఎదుట చాయ్ గ్లాసుల అడుగు ఏటేటా మందమవుతోంది. చూడటానికి గ్లాసు అదే, పట్టుకుంటే బరువూ బాగానే ఉంటుంది. మూడో గుక్కకే గాజు తగులుతుంది. దీని మీద ఎవరికైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అలా గాజు దాకా తాగి, ఓ ఎండాకాలం పొద్దున బోధన్ బస్సెక్కాను. డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేవాడికి సెలవుల్లో గంటలుండవు. అందుకని సర్వే పనికి ఒప్పుకున్నాను. ఏ ఇంటికి ఇంటర్నెట్ అందుతోంది, ఏ ఇంటికి అందడం లేదు అని కొలిచే సర్వే. నాకొక ట్యాబ్, ఒక టోపీ ఇచ్చారు. టోపీ బాగా పనిచేసింది.

వర్ని వైపు, కాలువ కింద చిన్న ఊరు. మొదటి ఇంట్లో నడివయసు అక్క, ఆమె కోడలు ఉన్నారు. గోడకు చర్చి క్యాలెండరు. నేనెందుకొచ్చానో చెప్పగానే అక్క కుర్చీ వేసి కొంగుతో తుడిచింది.

"లేదని రాయి సారు. ఈడ ఇంటర్నెట్ కాదు, ఫోనే కలువది. పోయినేడు పక్కింటామెకు నొప్పులొస్తే, అంబులెన్సుకు ఫోన్ చెయ్యనీకి మా ఆయన కాలువ కట్టదాంక ఉరికిండు. గా బండి వచ్చేవరకే ఆమె ఆటోల కన్నది. లేదని రాస్తే టవరేస్తరట గద?"

"లేని ఊళ్ళకే ముందు వేస్తారట" అన్నాను. శిక్షణలో చెప్పినవాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

"మా కోడలికి ఇప్పుడు మూడో నెల. క్రిస్మస్‌కు అటో ఇటో. గప్పటివరకన్న ఏస్తరా?"

"వేయాలి మరి" అన్నాను, టోపీ ఇచ్చిన ధైర్యంతో.

ట్యాబ్ తెరిస్తే చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, నెట్‌వర్క్ ఉన్నచోటికి వెళ్ళమంది. ఇంటర్నెట్ లేదని రాయడానికి దానికి ఇంటర్నెట్ కావాలి. రానివాళ్ళంతా చేతులెత్తండి అనే లెక్చరర్లు మా కాలేజీలోనూ ఉన్నారు కనుక నాకు పెద్ద వింతగా అనిపించలేదు.

"కట్టెక్కుదాం పా" అంటూ అక్క ముందు నడిచింది.

కట్ట మీద ఊళ్ళోని మగవాళ్ళు వరుసగా కూర్చుని ఫోన్లు చూస్తున్నారు. నా టోపీ కనబడగానే ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. రేషన్ కార్డులు తీసేసే సర్వే అనుకున్నారు.

"మాకు ఫోన్లు లెవ్వు సారు" అన్నాడొక పెద్దాయన. ఆయన జేబు మోగుతూనే ఉంది.

"జేబుల కోడిపిల్లను పెట్టుకున్నవా మామా? కూస్తున్నది సూడు" అంది అక్క.

అక్క వివరాలన్నీ నింపాను. చివరి గడి: ఇంటి దగ్గర ఇంటర్నెట్ అందుతుందా? 'లేదు' నొక్కబోయాను. ఆ గడి నా చేతిలో లేదట. ట్యాబే సిగ్నల్ కొలుచుకుని, పచ్చని టిక్కు పెట్టేసుకుంది. సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. మాట గంటలా వినిపించింది.

"మిషనే కొలిచినంక మనమెవరం తమ్ముడూ?"

"కట్ట మీద కొలిచిందన్నా. ఇళ్ళ దగ్గర ఏమీ లేదు."

"కట్ట ఆ ఊరిదే గద? సబ్మిట్ కొట్టు. నిన్న ఇంకో ఊళ్లె మనోళ్లు గుట్టెక్కి కొట్టిండ్రు."

కొట్టాను. రెప్పపాటులో వెళ్ళిపోయింది.

"ఏం రాసినవ్ సారు?"

"నేను రాయలేదక్కా, అదే రాసుకుంది. మీ ఇంటికి సిగ్నల్ బాగుందట."

"మా ఇల్లేడున్నది, మనమేడున్నం?"

ట్యాబ్‌లో మ్యాపు చూపించాను. కాలువ పక్కన నీలం చుక్క. "దీని లెక్క ప్రకారం మీ ఇల్లు ఇక్కడే అక్కా."

అక్క ఆ చుక్కను చూసింది. పొలాలకవతల కనిపిస్తున్న తన రేకుల ఇంటిని చూసింది.

"అయితే నా కోడలు గీ కట్ట మీదనే కంటది. గది గూడ రాసుకో."