ఎడమ చెవి ఐలన్న

మా గేటు వాచ్‌మన్ ఐలన్నకు ఒకటే జబ్బు. రెండు చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకున్న మనిషి కనబడితే చాలు, ఎడమ చెవిది పీకేస్తాడు. కుడిదాని జోలికి పోడు. మేనేజరైనా, నిన్న బిహార్ నుంచి దిగిన కూలీ అయినా ఆయనకు ఒకటే.

పటాన్‌చెరు దగ్గర మా కంపెనీలోకి ఫోన్లు రానివ్వరు. పొద్దున ఐలన్నకు అప్పగించి టోకెన్ తీసుకోవాలి, సాయంత్రం టోకెన్ ఇచ్చి తెచ్చుకోవాలి. రోజంతా రేకులు నొక్కే ప్రెస్సుల మోత విన్న చెవులు కదా, ఫోన్ చేతికి రాగానే పాటల్లో పడతాం. ఇచ్చిన మనిషే వెనకాలే వచ్చి పీకుతాడు. ఒకసారి ఒక పెద్దాయన వినికిడి యంత్రం కూడా పీకాడు. ఆయన తిట్టిన తిట్లు ఆయనకే వినబడక మళ్లీ మొదటినుంచి తిట్టాడు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు శివరామకృష్ణకు మాత్రం నవ్వు రాలేదు. అమీన్‌పూర్ మనిషి, ఖరీదైన ఇయర్‌బడ్స్. మొదటిరోజే ఫిర్యాదు చేశాడు. ఇంకోసారి పీకితే డ్యూటీకి రావద్దని మేనేజరు ఐలన్నకు చెప్పేశాడు. ఆ జీతం మీదే ఐలన్న ఇల్లూ, చనిపోయిన తమ్ముడు నర్సన్న ఇల్లూ నడుస్తున్నాయి.

మర్నాడు సాయంత్రం శివరామకృష్ణ ఐలన్న ముఖంలోకి చూస్తూ కావాలనే రెండూ పెట్టుకున్నాడు. ఐలన్న రెండు చేతులూ జేబుల్లో కుక్కుకున్నాడు. ఎక్కడ మళ్లీ పీకుతాడోనని నాకు భయంగానే ఉంది.

గేటు బయట సర్వీసు రోడ్డు. బండ్లు కుడివైపు నుంచే రావాలి కాబట్టి శివరామకృష్ణ అటే చూసి అడుగు వేశాడు. ఐలన్న పరుగెత్తాడు. ఎడమ చెవిది పీకాడు. అప్పుడు వినబడింది హారన్, శివరామకృష్ణ వెనక్కి దూకాడు. రాంగ్ రూట్లో ఎడమవైపు నుంచి వచ్చిన టిప్పర్ ఆయన టిఫిన్ సంచీని లాక్కుని పోయింది. డబ్బా యాభై గజాల అవతల రేకు ముక్కలా దొరికింది.

శివరామకృష్ణ వెనక్కి గేటు దగ్గరికి వచ్చాడు. ఐలన్న పీకిన ఇయర్‌బడ్ ఆయన చేతిలో పెట్టాడు.

"పీకిన సార్. రాసుకోర్రి. గని రాంగ్ రూట్ల ఎడమకెల్లే వస్తయి, ఆ చెవొక్కటి రోడ్డుకు ఇడువుర్రి," అన్నాడు ఐలన్న. రోడ్డు వైపు చూస్తూ, "మా నర్సన్న గీడనే పోయిండు. వానికి గా చెవులల్ల పెట్టుకునేటియి కొనిచ్చింది నేనే," అన్నాడు.

తమ్ముడు పోయిన సంగతి మాకు తెలుసు. ఈ రెండో మాట, ఆరేళ్లుగా ఆయనతో టీ తాగుతున్న నాకే తెలియదు. ఇన్నాళ్లూ నవ్వినందుకు సిగ్గేసింది.

ఫిర్యాదు ఊసు మళ్లీ రాలేదు. మర్నాడు శివరామకృష్ణ కుడిచెవికి ఒకటి పెట్టుకుని, రెండోది ఐలన్న చేతిలో పెట్టాడు. ఐలన్న దాన్ని చొక్కాకు తుడుచుకుని తన కుడిచెవిలో దూర్చుకున్నాడు. ఎడమ చెవికి చేసింది కుడిచెవిలో నిలుస్తుందా? జారిపోకుండా వేలితో నొక్కి పట్టుకుని, ఎడమకు చూస్తూనే, పాట మంచిగున్నదన్నాడు.