ఇల్లుటం వచ్చిన పిలగాడు

మొన్న బీరువా సర్దుతుంటే బాపు బనీను చేతికి తగిలింది. ఎన్నిసార్లు ఉతికినా పోని సాంచెల నూనె వాసన గుప్పున కొట్టి, సిరిసిల్లలోని మా రేకుల షెడ్డు, పొద్దంతా దడదడలాడే, మేము సాంచెలనే నాలుగు మరమగ్గాలు, గోడల మీద పేరుకున్న నూలు దుమ్ము, ఆ దుమ్ముకు వయసులోనే కనుబొమలు తెల్లబడ్డట్టు కనిపించే బాపు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకు వచ్చాయి.

బాపు సొంతూరు చందుర్తి. అమ్మ ఒక్కతే బిడ్డ కాబట్టి తాత ఆయన్ను ఇల్లుటం, అంటే ఇల్లరికం, తెచ్చుకున్నాడు. మా దిక్కు పెళ్ళికొడుకును పిలగాడంటారు. పందిరి తీసేసిన నాలుగు రోజులకు ఆ మాటా పోతుంది. అత్తగారింట్లోనే ఉండిపోయినందుకేమో, బాపుకు మాత్రం పోలేదు. "పిలగాడు తిన్నడా?" అని అమ్మమ్మ, "పిలగా, పోగు తెగింది సూడు" అని తాత, వాళ్ళను చూసి వాడకట్టంతా. నాకు ముందుగా వచ్చిన మాటల్లో అదొకటి. నేనూ అలాగే పిలిస్తే అందరూ పగలబడి నవ్వేవారు, బాపూ నవ్వేవాడు. ఆ నవ్వు నిజమే అనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని.

ఏడేళ్ళున్నాయేమో నాకు. ముసురు పట్టిన రోజు, అమ్మమ్మ మక్కగారెలు చేస్తుంటే ఇల్లంతా పచ్చిమక్కల, ఎల్లిపాయల కమ్మని వాసన. బాపు సొంత అన్న, మా పెద్దబాపు, మక్కకంకుల సంచి మోసుకుని తడుస్తూ వచ్చాడు.

"బాపేడున్నడు బిడ్డా?"

"పిలగాడు నీళ్ళకు పోయిండు," అన్నాను గారె నములుతూ.

ఆయన సంచి దించనే లేదు. అప్పుడే రెండు బిందెలతో వాకిట్లోకి వచ్చిన బాపును చూసి, "కన్నబిడ్డ గూడ గట్లనే అంటదారా తమ్మీ?" అన్నాడు.

"చిన్నది గదన్నా, దానికేం దెలుసు," అంటూ బాపు అటు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. పెద్దబాపు గారె ముట్టకుండానే బస్సుకు పోయాడు.

ఆ రోజు నుంచి బాపూ అనే పిలిచాను. తప్పయిందని మాత్రం చెప్పలేదు. చెప్పొచ్చులే, ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

పోయిన నెల బాపు పోయాడు. పిలగాడని పిలిచిన తాత, అమ్మమ్మ ఎప్పుడో పోయారు, సాంచెలు పాతసామాను కింద పోయాయి, షెడ్డు చప్పుడు లేకుండా ఉంది. ఇంటి ముందు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించి, పెద్ద అక్షరాలతో బాపు అసలు పేరు, రాజేశం అని రాయించాను. ఫోటోలు దిగే అలవాటు లేని మనిషి, అందుకే పెళ్ళినాటి ఫోటోనే పెట్టాం. ఒకప్పుడు మా షెడ్డులో పనిచేసిన ముసలాయన సైకిలు ఆపి, కూడబలుక్కుంటూ చదివాడు.

"రాజేశం ఎవలు బిడ్డా?"

"మా బాపు," అన్నాను. జగిత్యాలకు కాపురం పోయి ఇరవై ఏళ్ళయిన నన్ను ఆయన గుర్తుపట్టలేదు.

"ఏ రాజేశం?" అన్నాడు మళ్ళీ.

వాకిట్లో, అప్పుడు గారె పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను.

"పిలగాడు, తాతా," అన్నాను.

"అయ్యో, మన పిలగాడా!" అని ఆయన నెత్తి కొట్టుకుని ఏడ్చాడు.

తప్పయింది బాపూ అనవలసిన నోటితో, మళ్ళీ అదే మాట అన్నాను.