ముందు బాధ ఉన్నోళ్లు మాట్లాడాలె

"వచ్చే వారం ఇంటోళ్లను గూడ తోలుకొని రామ్మా" అన్నది దవాఖానల కౌన్సెలింగ్ మేడం. ఇంటికి పోయి గదే చెప్పిన. మా అత్తకు సమజైంది ఒక్కటే: పంచాయితీ. పంచాయితీకి పెద్దమనిషి లేకుండ పోతరా? ఊరి పెద్దమనిషిని గూడ ఆటోల ఎక్కిచ్చుకున్నది.

మంచాల నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఆయన మీసం సవరించుకుంటనే ఉన్నడు. ఇప్పుడంటే నవ్వొస్తది గని, ఆనాడు నాకు ఒళ్లు మండింది. బిడ్డ పుట్టిననాడే పోయింది. అప్పటిసంది నాకు నిద్ర లేదు, ముద్ద దిగదు, చేతులు వణుకుతయి. ఈ దవాఖానకొచ్చి వారం వారం మాట్లాడుతుంటెనే జర మనిషినైన. అత్తేమో "ఇయ్యాల్టితోని ఆఖరు. మాటలతోని రోగాలు పోతయా?" అన్నది. పక్కన మా ఆయన ఆటో బయటికి చూసుకుంట కూసున్నడు. నేను మాత్రం గట్టిగ అనుకున్న, ఎవ్వలేమన్నా మానేది లేదని.

గదిల కుర్చీలు గుండ్రంగ ఏసిన్రు. కూసోంగనే పెద్దమనిషి మొదలువెట్టిండు. "చూడు మేడం, పిల్ల జర సర్దుకోవాలె, అత్త గూడ జర తగ్గాలె. అయిపాయె." చాయ్ తాగపోదామని లేవనే లేచిండు! మేడం నవ్వు ఆపుకొని ఆయనను కూసోమన్నది. "అమ్మా, నీకేం కావాలె?" అని నన్నడిగింది.

"దానికేం గావాలె మేడం, కడుపునిండ తినాలె" అని అత్త అందుకున్నది. "గుళ్లకు గూడ తిప్పినం" అని మా ఆయన. మేడం మళ్ల నన్నే అడిగింది. మళ్ల వాళ్లే చెప్పిన్రు. వారెవ్వా! ముద్ద దిగంది నాకు, నోర్లు వీళ్లవి!

పెద్దమనిషి దిక్కు తిరిగిన. "తాతా, నీ పంచాయితీల ముందెవరు మాట్లాడుతరు?"

"బాధ ఉన్నోళ్లు."

"నడిమిట్ల ఎవరన్న అడ్డమొస్తే?"

"నోరు మూయిస్త."

"అయితే మూయించు."

ఆయన మీసం మీదికెల్లి చెయ్యి తీసిండు. తువ్వాల భుజం మీదేసుకొని సక్కగ కూసున్నడు. "పిల్ల చెప్పేదాక ఎవ్వలు నోరు తెరువద్దు" అన్నడు. పంచాయితైతే పంచాయితే!

అప్పుడు చెప్పిన. "కాన్పయినంక నేను కండ్లు తెరిచేటాళ్లకే బిడ్డను పూడ్చిపెట్టొచ్చిన్రు. ఇంటికొస్తే దానికని నేను కుట్టిన గుడ్డలు గూడ లెవ్వు. ఎవ్వలు దాని ఊసెత్తరు. నేనెత్తితే మరిచిపో అంటరు. నేను మరిచిపోను. దాని ముచ్చట మాట్లాడెటోళ్లు నాకు కావాలె. ఇంట్ల లేరు గనకనే ఈడికొస్తున్న. మీరు వద్దన్నా వస్త. బస్సున్నది, కాళ్లున్నయి."

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. మేడం మా ఆయనను చూసింది. ఆయన పెద్దమనిషిని చూసిండు.

"నన్నేం చూస్తవ్‌రా? నీ పెండ్లాం నీకు చెప్తున్నది" అని తాత గద్దిచ్చిండు.

మా ఆయన తల వంచుకున్నడు. నా దిక్కు తిరిగిండు. "నేను దాని మొకం చూసిన. చెప్తే నీకు ఇంకా ఎక్కువైతదని చెప్పలె."

నేను కుర్చీ ఆయన దిక్కు జరుపుకున్న. అడిగిన. "ఎట్లుండె?"

"నీ లెక్కనే. నెత్తినిండ ఎంటికలు." ఆయన మొకం తుడుసుకున్నడు. "ఇయ్యాల ఇంక నాతోని గాదు. మిగిలింది వచ్చే వారం ఈడనే చెప్త."