అడ్డపొగకు మార్కులు

ఆ రోజుల్లో పరిశోధన అంటే మా ఊరికి జీపులో, దుమ్ము రేపుకుంటూ వచ్చేది. ఇప్పుడలా కాదు, పొద్దున్నే ఫోను తెరిస్తే టీ చల్లారేలోపు మూడు కొత్త పరిశోధనలు కళ్ళ ముందు వచ్చి వాలతాయి. ఉమ్మి చుక్క చూసి రోగం పసిగడతారట, వెంట్రుక కన్నా సన్నటి పొరలతో పరికరాలు చేస్తారట. అన్నీ చదువుతాను. అర్థమైనవి పక్కవాళ్ళకు చెబుతాను, అర్థం కానివి ఇంకాస్త గట్టిగా చెబుతాను. మొన్న మా మేనకోడలు (నర్సింగ్ చదువుతోంది) ఎప్పటిదో పాత సర్వే నివేదిక కాపీ ఒకటి పట్టుకొచ్చి, "మామా, గీ ఊరు మనదే గదా?" అంది. మనదే. ఊరి పేరు రాయలేదు గానీ, ఏన్కూరు దాటాక అడవి అంచున, మిరప చేల మధ్య, ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఊరు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. పట్టికలన్నీ అయిపోయాక చివర ఒకే ఒక్క ముక్క ఉంది, గ్రామ మహిళలు చక్కగా సహకరించారని. అది చదివి అరగంట నవ్వాను. ఎలా సహకరించారో చూసినవాళ్ళలో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఇది కాగితం మీద పెట్టక తప్పడం లేదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్‌లో లెక్కలు నన్ను వదిలించుకున్నాక (నేనే వాటిని వదిలేశానని చెప్పుకునేవాణ్ణి) రోజూ సైకిలు తొక్కుకుంటూ ఏన్కూరు వెళ్ళి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ఒక కిరాయి గది, రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, వాటన్నిటికీ అధిపతి లైబ్రరీ సారు. ఆయనకు నేనంటే ముచ్చట, కొంత భయం కూడా. ఏ పుస్తకం ఇచ్చినా మూడో రోజున తెచ్చి అందులోని సంగతులు ఆయనకే పాఠం చెప్పేవాణ్ణి. ఆరోగ్యం మీద ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక ఊరి మీద పడ్డాను. ఎవరి కళ్ళు పచ్చబడ్డాయి, ఎవరి గోళ్ళు తెల్లబడ్డాయి, ఎవరికి రక్తం తక్కువ, అన్నీ నడిరోడ్డు మీద ఉచితంగా చెప్పేవాణ్ణి. జేబులో ఎప్పుడూ లైబ్రరీ కార్డు ఉంటుందని ఊరు నాకు "కార్డు డాక్టరు" అని పేరు పెట్టింది. అది వెక్కిరింపని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక మా పెద్దమ్మ. పెదనాన్న వయసులో ఉండగా జనపనార మిల్లులో పనికని విజయనగరం వైపు వెళ్ళి, మూడేళ్ళ తర్వాత పెళ్ళాంతో తిరిగొచ్చాడు. ఆమె వెంట రెండు వచ్చాయి, ఒకటి ఆ వైపు యాస, రెండోది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టి, పెదవులు మూసి పొగ తాగడమే అడ్డపొగ. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది గానీ, దాని సుఖం దానిదేనట. మిరప చేలో గాలికి ఆరదు, వానకు తడవదు, బూడిద చీర మీద రాలదు, రెండు చేతులూ కాయ కోయడానికి ఖాళీగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, అత్తగారికి నిప్పు కనిపించదు. పదేళ్ళు తిరిగేసరికి మా వీధి ఆడవాళ్ళంతా ఆమె శిష్యులైపోయారు. పిల్లలు లేని పెద్దమ్మకు నేనే కొడుకుని. నేను పుస్తకం పట్టుకుంటే దీపంలో నూనె చూసేది, అన్నం కంచం తెచ్చి పుస్తకం పక్కన పెట్టేది. నా చదువు ఎందుకూ పనికిరాదని అందరితో చెప్పేదీ ఆమే, నన్ను ఇంకెవరైనా ఆ మాటంటే ఊరుకోనిదీ ఆమే.

ఆ ఏడు ఎండాకాలంలో పెద్దమ్మ మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ కొరకడం మానేసింది. తర్వాత కూరలో కారం తగ్గింది. అడిగితే "వొయిసొచ్చీసింది రా" అంది. సరిగ్గా అదే నెలలో లైబ్రరీకి వచ్చిన సైన్సు పత్రికలో ఒక వ్యాసం చదివాను. అడ్డపొగ తాగేవాళ్ళ నోటి పైభాగాన, అంటే అంగిట్లో, తెల్లమచ్చలు వస్తాయని, కారం తగిలితే మండుతుందని, వాటిలో కొన్ని క్యాన్సరుగా మారతాయని అందులో ఉంది. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలంటే భయమేసింది. కానీ పంతొమ్మిదేళ్ళవాడికి భయం చూపించడం రాదు, పాండిత్యం చూపించడం వచ్చు.

"పెద్దమ్మా, జర నోరు తెర్వు. అంగిట్ల మచ్చ ఉన్నదేమో చూడాలె."

"ఏటి సూస్తావు? సంతలో ఎద్దుకి పళ్ళు సూసినట్టు?"

"గట్ల గాదు. నిప్పు దగ్గరగుంటే కణాల నిర్మాణం మారుతదట."

"మారనీ. ఇన్నేళ్ళు తిండెట్టినాను, నీ నిర్మాణం మారిందేటి? ఎల్లి ఆవుకి కుడితెట్టు."

మాటలతో లాభం లేదు, కొలిచి చూపించాలనుకున్నాను. లైబ్రరీ సారు ఇంట్లోని జ్వరం థర్మామీటరు అడిగి తెచ్చి, పెద్దమ్మ అరుగు మీద పెట్టి లోపలికెళ్ళిన చుట్ట నిప్పుకు ఆనించాను. ఆ థర్మామీటరు మనిషి జ్వరాన్ని మించి కొలవలేదని ఏదో పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆ పేజీ దాకా నేను వెళ్ళలేదు. ఠప్పున పగిలింది. పాదరసం గుండ్లు గుండ్లుగా అరుగంతా దొర్లింది. గింజలనుకుని కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. పాదరసం విషమని మాత్రం చదివి ఉన్నాను కనక, రెండు చేతులూ ఊపుతూ కోళ్ళను తోలుతూ గంతులేస్తుంటే పెద్దమ్మ బయటికొచ్చి ఒక్క క్షణం చూసింది.

"ఎవులికిరా జొరం? సుట్టకా?"

(థర్మామీటరుకు బదులుగా నెల రోజులు లైబ్రరీ ఊడ్చి, చినిగిన పుస్తకాలకు అట్టలు వేశాను.)

అప్పుడు ఉత్తరం రాశాను. వ్యాసం కింద ఒక వైద్య కళాశాల చిరునామా ఉంటే, దానికి ఆరు పేజీలు. నాకు తెలిసిన కఠిన పదాలన్నీ అందులో కొలువుదీరాయి. చివర "ఇట్లు, ఒక స్వయం పరిశోధకుడు" అని సంతకం. లైబ్రరీ సారు కళ్ళద్దాలు సర్దుకుని మొత్తం చదివి, "అంత మంచిగనే ఉన్నది గని, ఇండ్ల మీ పెద్దమ్మ ఏదిరా?" అన్నారు. చూసుకుంటే నిజంగానే లేదు, ఆరు పేజీలూ కణాలే. సంతకం కింద ఖాళీలో ఇరికించి రాశాను, మా పెద్దమ్మ కారం తినడం మానేసింది అని. (ఆరు పేజీల్లో తనను మా ఊరికి జీపెక్కించింది ఆ ఒక్క ముక్కేనని తర్వాత ఆ కళాశాల నుంచి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది.)

వానలు వెనకబట్టాక జీపు వచ్చింది. అందులో డాక్టరమ్మ, డ్రైవరు, ఒక పెట్టె నిండా తీగలతో ఒక కుర్ర భౌతికశాస్త్ర పరిశోధకుడు ఉన్నారు. కానీ మా ఊరికి జీపంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు పట్టుకుపోయే జీపే. మగవాళ్ళు జొన్నచేలలోకి, ఆడవాళ్ళు తలుపుల వెనక్కి మాయమయ్యారు. వీధిలో నేనూ, రెండు కుక్కలూ మిగిలాం. ఉత్తరం సంగతి విన్న పెద్దమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడింది.

"నా నోటి సంగతి ఊరుగాని ఊరికి రాసీసినావా? ఇంక ఈ నోరు తెరిస్తే ఒట్టు."

ఆ ఒట్టుతో మిగతా తలుపుల గడియలు కూడా బిగుసుకున్నాయి. డాక్టరమ్మ మా అరుగు మీద టార్చి పట్టుకుని ఖాళీగా కూర్చుంది. తీగల సారు (ఆయనకు ఊరు అప్పటికప్పుడు పెట్టిన పేరది) పెట్టె తెరిచాడు. రెండు రకాల లోహపు తీగలు, వాటి కొసలు కలిపి ఉన్నాయి. ఆ అతుకుకు వేడి తగిలితే అతి కొంచెం విద్యుత్తు పుడుతుంది, దాన్ని బట్టి ముల్లు కదిలి వేడి చెబుతుంది. నోట్లో నిప్పు వేడి ఎంతో, ఆ వేడి ఎంత దూరం పాకుతుందో తేల్చడం ఆయన పని. ఆయన నోరు విప్పేలోపే ఇదంతా నేనే ఆయనకు వివరించాను.

"నువ్వేం చదువుతున్నవ్?" అని అడిగాడు.

"అన్నీ సార్."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ముందు నేను చేసి చూపిస్తే జనానికి బెదురు పోతుందని, చుట్ట వెలిగించి, పక్కన తీగ పెట్టించుకుని, నిప్పు వైపు నోట్లో పెట్టుకున్నాను. నాలుక ఎక్కడుండాలో, గాలి ఎటునుంచి ఎటు పోవాలో వ్యాసంలో బొమ్మ గీసి మరీ చూపించారు. కానీ బొమ్మలోని నాలుకకు నొప్పి ఉండదు. నిప్పు వెళ్ళి నా నాలుక మీద హాయిగా కూర్చుంది. నేను పెట్టిన కేకకు చుట్ట ఒకవైపు, తీగ ఒకవైపు ఎగిరిపడ్డాయి. పరిగెత్తి కుడితి తొట్టిలో మూతి ముంచాను. ఆవు మర్యాదగా పక్కకు జరిగింది. ఒక్కో తలుపూ తెరుచుకోవడం మొదలైంది. పక్కింటి అత్త కడుపు పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"ఏందిరో కార్డు డాక్టరూ, నాలికె కాలిందా, కార్డు కాలిందా?"

వీధంతా నవ్వింది, పెద్దమ్మ తప్ప. ఆమెకు తల కొట్టేసినట్టయింది. తన చేతిలో పెరిగినవాడు తన విద్యను పదిమందిలో ఇంత అధ్వాన్నంగా చేస్తాడా? గబగబా వచ్చి ఇంకో చుట్ట వెలిగించింది.

"అలగేటిరా? ఇలగ!" అని తిప్పి నోట్లో పెట్టుకుంది. ఒక్క నిప్పురవ్వ రాలలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "అబ్బో, ఎంత ఒడుపుగ పెట్టినవమ్మా. నిప్పు యాడ ఆగుతదో నాకు కనపడలే. చుట్ట తీసి ఆ తావు చూపిస్తవా?"

పెద్దమ్మ పాఠం చెప్పే పంతులమ్మలా నోరు బార్లా తెరిచి వేలితో చూపించింది. ఒట్టు ఆమెకే గుర్తు లేదు. టార్చి వెలుగు లోపలికి పడింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. ఆ ఒక్క క్షణం నేను చూశాను. నాలుక మంట అప్పటికప్పుడే మరిచిపోయాను.

తీగల సారు మాత్రం ఇదేమీ గమనించలేదు. పెద్దమ్మ మళ్ళీ చుట్ట పెట్టుకుంటే తీగ చేర్చి, ముల్లు చూసి అంకె పైకి చదివాడు.

"ఎంతొచ్చింది బాబూ?" అంది పెద్దమ్మ. చెప్పాడు. ఆమె వీధి వైపు తిరిగి చూసిన చూపు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనవాళ్ళది.

"గంతేనా?" అంది పక్కింటి అత్త. "నాకు పెట్టు సారూ, చూస్త."

అంతే. మా ఊరికి అంకెలు వేసేవాడెవడైనా మార్కులు వేసేవాడే. ఎక్కువ వస్తే గెలుపు. కాసేపట్లో అరుగు ముందు లైను కట్టారు. "నా చుట్ట పచ్చిగున్నది, లెక్కకు రాదు, మల్లోసారి పెట్టు" అని ఒకరు, "దానికి తీగ లోపటికి పెట్టినవ్, నాకు పైపైన పెట్టినవ్" అని ఒకరు. ఫెయిలవుతానేమోనని ఒకామె ఇంట్లో ప్రాక్టీసు చేసుకుని మరీ వచ్చింది. తీగల సారు చెమటలు కక్కుతూ రాసుకుంటుంటే, లైనులో నిలబడ్డ ఒక్కొక్కరి నోట్లో డాక్టరమ్మ చల్లగా టార్చి వేసి చూసుకుంటూ పోయింది. పొద్దు వాలేసరికి వీధి మొత్తం అయిపోయింది. ఫస్టు మా పెద్దమ్మే.

జీపెక్కే ముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, పెద్దమ్మను ఖమ్మం తీసుకురమ్మంది. వెళ్ళాం. అంగిలి నుంచి గోరంత ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం పోస్టులో వస్తుందన్నారు. ఆ పన్నెండు రోజులూ పెద్దమ్మ తన ఫస్టు ర్యాంకు గురించి చెప్పుకుంటూ తిరిగింది. నాకు మెతుకు మింగుడు పడలేదు. నాలుక కాలింది కదా అని అందరూ అనుకున్నారు, నేనూ అదే అన్నాను.

కవరు వచ్చింది. లోపల అంతా ఇంగ్లీషు. "సదువురా కార్డు డాక్టరూ" అని వీధి గుమిగూడింది. కాగితం విప్పాను. అందులో మాటలన్నీ నాకు తెలిసినవే, ఇబ్బంది అదే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవబోతే అక్షరాలు ఈదడం మొదలుపెట్టాయి. నా బతుకులో పది మంది నన్ను చదవమని అడిగింది ఆ ఒక్కసారే, అప్పుడే నాకు చదువు రాలేదు.

"ఏటిరా, రాత బాలేదా?" అంది పెద్దమ్మ.

ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఏన్కూరు దాకా ఆగకుండా తొక్కాను. లైబ్రరీ సారు అద్దాలు తుడుచుకుని ఒకసారి లోలోపల, ఒకసారి పైకి చదివారు. "క్యాన్సర్ కాదమ్మా. ఇంకా కాలే. గని చుట్ట మానకపోతే అయ్యే దారి మీదనే ఉన్నది. ఇయ్యాల్టి నుంచి బంద్. ఆర్నెల్లకోపాలి పోయి చూపించుకోవాలె."

నేను నేల మీద కూలబడి బావురుమన్నాను. సరిగ్గా నా తల మీద "నిశ్శబ్దం" అనే బోర్డు ఉంది. దాన్ని వేలితో చూపించడమే ఉద్యోగమైన సారు ఆ రోజు కిటికీలోంచి బయటికి చూశారు. పెద్దమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

"ఒరే, ఇన్నాళ్ళూ నీకు బయమేసిందేటి? మరా ముక్క సెప్పవేం? కణాలు కణాలంటావు గానీ."

తిరుగుదారిలో సైకిలు మీద ఒప్పందం కుదిరింది. "నాను సుట్ట మానీస్తాను. నువ్వు డాక్టరీ మానీ." నేను ఊ అన్నాను. ఆమె కొంగు ముడిలోని చుట్టలు తీసి బాట పక్క కాలవలో వేసింది. మొదటి నెల లవంగాలు నమిలింది, వేయించిన చింతగింజలు నమిలింది, దొరికినవాళ్ళందరినీ నమిలింది. నేను మాత్రం నెల తిరక్కుండానే పక్కింటి అత్త కాళ్ళ వాపు చూసి మూత్రపిండాల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. వెనక్కి తిరిగితే పెద్దమ్మ. ఒప్పందం నేనే తప్పాను కనక ఇక వెలిగించేస్తుందనుకున్నాను. ఆమె చింతగింజ నములుతూ, "నీది సుట్ట కన్నా మొండి అలవాటురా" అని లోపలికి పోయింది. ఆమె మళ్ళీ ముట్టుకోలేదు. ఏళ్ళ మీద మచ్చ పలచబడుతూ పోయింది.

ఇక కృతజ్ఞతలు. అసలు పేర్లు కొన్ని మరిచాను, అందుకే మేం పిలుచుకున్న పేర్లతోనే చెప్పుకుంటాను. ఆరో పేజీ చివరి దాకా చదివిన డాక్టరమ్మకు. మార్కులు కావని ఎవరితోనూ అనకుండా సాయంత్రం దాకా మార్కులు వేసిన తీగల సారుకు. నా నాలుకకు తేనె వెతికి తెచ్చిన జీపు డ్రైవరుకు. లైనులో రెండోసారి నిలబడ్డ పక్కింటి అత్తకు. ఆ రోజు బోర్డు వైపు వేలు చూపించని లైబ్రరీ సారుకు. చివరగా పెద్దమ్మకు. పంతొమ్మిది వందల తొంభైలు సగం గడిచేదాకా ఆర్నెల్లకోసారి మేమిద్దరం ఖమ్మం బస్సెక్కేవాళ్ళం. నాకప్పటికి పెళ్ళయింది, జుట్టు పలచబడింది, పుస్తకాల పిచ్చి మాత్రం తగ్గలేదు. అక్కడ ఎప్పటికప్పుడు కొత్త కుర్ర డాక్టర్లు వచ్చేవాళ్ళు. నోరు తెరవమంటే పెద్దమ్మ వెంటనే తెరిచేది కాదు. నా వైపు చూపించి, "ముందు ఈడికి సెప్పండి బాబూ. ఈడు మా ఇంటి డాక్టరు" అనేది. వాళ్ళు నవ్వు ఆపుకుంటూ నాకు అంతా వివరించేవాళ్ళు. సగం అర్థమయ్యేది కాదు. అయినా గడ్డం నిమురుకుంటూ, సరే కానివ్వండి అన్నట్టు తల ఊపేవాణ్ణి. అప్పుడు తెరిచేది.